అంతరిక్షం నుంచి డేటా వేగం పెంచాలంటే ఏం మార్చాలి? లేజర్ వస్తే పెద్ద డిష్‌లు మూలపడతాయా?

కరీంనగర్‌లో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్న తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది: "మా ఇంట్లో ఫైబర్‌కే 100 ఎంబీపీఎస్ వస్తోంది. అంగారకుడి చుట్టూ తిరిగే ఆర్బిటర్ మాత్రం ఎంత అనుకూలంగా ఉన్నా 6 ఎంబీపీఎస్ దాటదట. 4జీ నుంచి 5జీకి మారినట్టు అంతరిక్ష నెట్‌వర్క్‌ను ఎందుకు మార్చరు? లేజర్ వచ్చింది కదా, ఇంకా ఈ పెద్ద డిష్‌లు ఎందుకు? మన దగ్గరే ఉండి దీని మీద చేయగలిగే ప్రాజెక్టు ఏదైనా ఉందా?"

నేను హనుమకొండలో ఉంటాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎక్కువ భాగం ఉపగ్రహాల డేటా దించుకునే గ్రౌండ్ స్టేషన్లలో, ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నళ్ల) విభాగంలోనే గడిచింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటిగా జవాబు: మారుస్తున్నారు. ఒక పెట్టె తీసేసి ఇంకో పెట్టె బిగిస్తే అయ్యే పని కాదు కాబట్టి నెమ్మదిగా జరుగుతోంది. ఫ్రీక్వెన్సీని ఎక్స్ బ్యాండ్ (8 గిగాహెర్ట్జ్ దగ్గర) నుంచి కేఏ బ్యాండ్‌కు (26, 32 గిగాహెర్ట్జ్ దగ్గర), అక్కడి నుంచి లేజర్‌కు తీసుకెళ్తున్నారు. చాలా యాంటెన్నాలను కలిపి ఒక్కదానిలా వాడుతున్నారు. రిసీవర్‌లో నాయిస్ తగ్గించడం, కోడింగ్ (దారిలో చెడిన బిట్లను సరిదిద్దుకునేలా డేటాను అమర్చడం) మెరుగుపరచడం ఎప్పటి నుంచో నడుస్తూనే ఉంది. డిష్‌లు మూలపడవు, ఇంకా కొత్తవి కడుతున్నారు. చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది: వేగం పెంచేది ఫోటోలు త్వరగా చూడటానికి మాత్రమే కాదు, యాంటెన్నా టైమ్ మిగలడానికి. దాని గురించి కింద చెప్తాను.

ముందు ఫైబర్ పోలిక చూద్దాం. ఫైబర్‌లో వెలుతురు గాజు తీగ దాటి పక్కకు పోదు. అంతరిక్షంలో సిగ్నల్ వెళ్లేకొద్దీ విచ్చుకుంటుంది, అందే పవర్ దూరం వర్గానికి తగ్గుతుంది. మన డీటీహెచ్ ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంగారకుడు సగటున 22.5 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. అంటే దూరం 6 వేల రెట్లకు పైనే, సిగ్నల్ బలహీనపడేది దాదాపు 4 కోట్ల రెట్లు. పంపే వైపు పవర్ కూడా పెద్దగా ఉండదు. మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్‌కు 3 మీటర్ల డిష్, 100 వాట్ల యాంప్లిఫయర్ ఉన్నాయి. వాయేజర్ ట్రాన్స్‌మిటర్ అయితే 20 వాట్ల చిల్లరే.

మేడారం జాతర జనంలో పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే గట్టిగా అరవాలి, లేదా చెవి దగ్గరకు వెళ్లాలి, రెండూ కుదరకపోతే నిదానంగా ఒక్కో మాట విడదీసి చెప్పాలి. వేగం తగ్గించడమంటే ఈ మూడోదే. ఒక్కో బిట్‌కు ఎక్కువ సేపు కేటాయిస్తే నాయిస్ మధ్య నుంచి కూడా దాన్ని పట్టుకోవచ్చు. 1979లో గురుగ్రహం దగ్గర 115.2 కేబీపీఎస్ పంపిన వాయేజర్ ఇప్పుడు 160 బీపీఎస్‌తో మాట్లాడుతోంది. యంత్రం పాడై కాదు, దూరం పెరిగి.

దగ్గరి ఉపగ్రహాల సమస్య వేరు, దూరపు నౌకల సమస్య వేరు. ఈ తేడా తెలియకుండా లింక్ బడ్జెట్ (పంపిన పవర్‌లో దారిలో ఎంత పోయి ఎంత అందుతుందన్న లెక్క) వేస్తే ఏ నంబరూ అర్థం కాదు.

భూమి దగ్గర తిరిగే రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహాలకు పవర్ పెద్ద ఇబ్బంది కాదు, స్పెక్ట్రమ్ వెడల్పు ఇబ్బంది. వీటి డేటాకు ఎక్స్ బ్యాండ్‌లో ఉన్నది 8025 నుంచి 8400 మెగాహెర్ట్జ్ వరకు, అంటే 375 మెగాహెర్ట్జ్. అందులోనే అన్ని దేశాలూ సర్దుకోవాలి. 1995లో వచ్చిన ఐఆర్‌ఎస్-1సీ ఉపగ్రహం పాంక్రొమాటిక్ (నలుపు తెలుపు) కెమెరా 84.9 ఎంబీపీఎస్ పంపేది. 2005లో కార్టోశాట్-1 రెండు కెమెరాలకు 105 చొప్పున పంపింది. ఆ తర్వాత రైట్ సర్క్యులర్, లెఫ్ట్ సర్క్యులర్ పోలరైజేషన్లు (తరంగం కుడికి, ఎడమకు మెలితిరిగే తీరు) రెండింటిలో వేర్వేరు డేటా పంపడం, మాడ్యులేషన్‌ను దట్టం చేయడం (ఒక్కో సంకేతంలో ఎక్కువ బిట్లు ఇరికించడం) వంటి పద్ధతులతో ఆ 375 మెగాహెర్ట్జ్‌నే పిండుకుంటూ వచ్చారు. చివరికి పిండటానికి ఏమీ మిగలదు. అప్పుడు కేఏ బ్యాండ్‌కు వెళ్లాల్సిందే. అక్కడ 25.5 నుంచి 27 గిగాహెర్ట్జ్ వరకు, అంటే 1500 మెగాహెర్ట్జ్ ఉంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ రాడార్ ఉపగ్రహం కేఏ బ్యాండ్‌లో సెకనుకు 3 గిగాబిట్లకు పైగా దించగలిగేది అందుకే.

దూరపు నౌకలకు స్పెక్ట్రమ్ ఎంత ఇచ్చినా లాభం లేదు, నింపడానికి పవరే చాలదు. అక్కడ ప్రతి డెసిబెల్ (సిగ్నల్ బలంలో హెచ్చుతగ్గుల కొలమానం, క్లుప్తంగా డీబీ) బంగారమే. అందుకే పెద్ద డిష్‌లు, చల్లబరిచిన యాంప్లిఫయర్లు, రకరకాల కోడింగ్.

ఇప్పుడు యాంటెన్నా టైమ్ సంగతి. నాసా డీప్ స్పేస్ నెట్‌వర్క్‌కు మూడే చోట్లున్నాయి: కాలిఫోర్నియాలో గోల్డ్‌స్టోన్, స్పెయిన్‌లో మాడ్రిడ్ దగ్గర, ఆస్ట్రేలియాలో కాన్‌బెరా దగ్గర. భూమి తిరుగుతుంటే ఏదో ఒకటి నౌకకు ఎదురుగా ఉండేలా వీటిని దాదాపు 120 డిగ్రీల ఎడంలో పెట్టారు. ఉన్న ఆ కొద్ది యాంటెన్నాలనే డజన్ల కొద్దీ మిషన్లు పంచుకోవాలి. కొన్నిసార్లు అడిగే టైమ్ అందుబాటులో ఉన్నదానికన్నా 40% దాకా ఎక్కువైందని 2023లో నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆడిట్‌లోనే రాశారు. మన బెంగళూరు దగ్గరి బ్యాలాలులో ఉన్నది 32 మీటర్లది ఒకటి, 18 మీటర్లది ఒకటి, ఇంకా చిన్నవి. ఆ 32 మీటర్ల డిష్ కట్టింది మన హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్లే. చంద్రయాన్-1 కోసం 2008లో సిద్ధమైన ఆ యాంటెన్నా అప్పటి నుంచీ మన దూరపు మిషన్లన్నిటికీ పనికొస్తోంది.

ఒక లెక్క వేసి చూడండి. నౌకలో 10 గిగాబిట్ల డేటా పేరుకుంది. 2 ఎంబీపీఎస్‌తో దించితే గంటా 23 నిమిషాలు పడుతుంది. 25 ఎంబీపీఎస్‌తో దించితే 7 నిమిషాల లోపే అయిపోతుంది. మిగిలిన గంటా పావును ఇంకో మిషన్‌కు ఇవ్వొచ్చు. స్టేషన్ షెడ్యూల్ తయారుచేసే వాళ్లకు వేగం అంటే ఇదే. పాస్ (నౌక స్టేషన్‌కు కనిపించే సమయం) కోసం రెండు మిషన్లు పోటీ పడితే ఒకదానికి కాదని చెప్పాల్సిన మనిషి టెన్షన్ దగ్గర నుంచి చూసినవాణ్ని. అందుకే "ఫోటోలు కాస్త ఆలస్యంగా వస్తే ఏమైంది?" అని ఎవరైనా అంటే ఒప్పుకోను. దిగని డేటా మీద కొత్త డేటా వచ్చి పడుతుంది, మెమరీ నిండితే పాతది చెరిపేయాల్సి వస్తుంది.

యాంటెన్నాలు కలపడం (అరేయింగ్). ఇది కొత్తది కాదు. 1989లో వాయేజర్-2 నెప్ట్యూన్‌ను దాటేటప్పుడు 64 మీటర్ల డిష్‌లను 70 మీటర్లకు పెంచారు. అదీ చాలక న్యూ మెక్సికోలో ఖగోళ పరిశోధనకు కట్టిన 27 యాంటెన్నాల వెరీ లార్జ్ అరేను కూడా కలిపారు. దాంతో అంత దూరం నుంచి 21.6 కేబీపీఎస్ రాబట్టారు. ఇప్పుడు 70 మీటర్లవి మళ్లీ కట్టడం లేదు. 34 మీటర్లవి నాలుగు కలిపితే దాదాపు ఒక 70 మీటర్ల దానితో సమానం, 70ని 34తో భాగించి వర్గం చేస్తే 4.2 వస్తుంది. నాలుగు చిన్నవుంటే ఒకటి రిపేరుకు వెళ్లినా మిగతా మూడు నడుస్తాయి, చిన్న పనులకు విడివిడిగా కూడా వాడుకోవచ్చు. ఒకే పెద్దది ఆగితే ఏమవుతుందో 2020లో చూశాం. కాన్‌బెరా 70 మీటర్ల డిష్‌ను అప్‌గ్రేడ్ కోసం నెలల తరబడి ఆపారు. దక్షిణ దిశగా వెళ్తున్న వాయేజర్-2కు కమాండ్ పంపగలిగేది ప్రపంచంలో అదొక్కటే. అన్ని నెలలూ నౌక పంపేది వినడమే తప్ప ఏదైనా చెప్పే వీల్లేకపోయింది.

కేఏ బ్యాండ్. కాగితం మీద చూస్తే ఎక్స్‌లోని 8.4 నుంచి కేఏలోని 32 గిగాహెర్ట్జ్‌కు వెళ్తే అవే డిష్‌లతో 14 రెట్ల లాభం రావాలి. చేతికొచ్చేది సుమారు 4 రెట్లు. మిగతాది వాతావరణం, డిష్ ఉపరితలంలో ఎగుడుదిగుళ్లు, గురి తప్పడం తినేస్తాయి. 32 గిగాహెర్ట్జ్‌లో తరంగం పొడవు 9.4 మిల్లీమీటర్లే. 34 మీటర్ల వెడల్పున్న లోహపు గిన్నె ఆకారంలో తేడా అర మిల్లీమీటరు లోపే ఉండాలి. పొద్దున ఒక పక్క ఎండ పడి ఉక్కు వ్యాకోచించినా, డిష్ వంగేటప్పుడు సొంత బరువుకు కుంగినా ఆ హద్దు దాటిపోతుంది. బీమ్ వెడల్పు కూడా ఒక డిగ్రీలో యాభయ్యో వంతు దగ్గర ఉంటుంది. ఎక్స్ బ్యాండ్‌కు సరిపోయిన మోటార్లు, గేర్లు ఇక్కడ సరిపోవు. అందుకే "ఫీడ్ (డిష్ పోగుచేసిన సిగ్నల్‌ను పట్టే భాగం) మార్చేస్తే కేఏ అయిపోతుంది" అనే మాట నమ్మకండి.

భూమి దగ్గరి ఉపగ్రహాలకు ఇంకో తిప్పలుంది. ఉపగ్రహం సరిగ్గా తల మీదుగా వెళ్తే అడ్డంగా, నిలువుగా రెండు అక్షాల మీదే తిరిగే మామూలు అజిమత్-ఎలివేషన్ యాంటెన్నా ఒక్కసారిగా దాదాపు సగం చుట్టు తిరగాలి. అది ఆ వేగాన్ని అందుకోలేకపోతే సిగ్నల్ అత్యంత బలంగా ఉన్న క్షణంలోనే లాక్ పోతుంది. బీమ్ సన్నబడేకొద్దీ ఇది ముదురుతుంది. మూడో అక్షం ఉన్న పెడెస్టల్స్ వాడేది అందుకే.

నాయిస్ గురించి రెండు ముక్కలు చాలు. దూరపు నౌకల రిసీవర్లలో మొదటి యాంప్లిఫయర్‌ను మైనస్ 250 డిగ్రీల సెల్సియస్ కన్నా కిందికి చల్లబరుస్తారు. అక్కడ ఇంక తగ్గించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

కోడింగ్ విలువ తెలియాలంటే గురుగ్రహానికి వెళ్లిన గెలీలియో నౌక కథ చదవండి. 1991లో దాని పెద్ద యాంటెన్నా గొడుగులా విచ్చుకోవాల్సింది విచ్చుకోలేదు. 134 కేబీపీఎస్ అనుకున్నది చిన్న యాంటెన్నాతో పదో పదిహేనో బీపీఎస్‌కు పడిపోయింది. నౌకలోకి కొత్త సాఫ్ట్‌వేర్ పంపి డేటాను కుదించారు, కోడింగ్ మార్చారు, నేల మీద యాంటెన్నాలు కలిపారు. చివరికి 160 బీపీఎస్ వరకు లాగి మిషన్‌ను నిలబెట్టారు. నాకు తెలిసిన అప్‌గ్రేడ్లలో దీన్ని మించింది లేదు. నౌకను ముట్టుకునే అవకాశమే లేనప్పుడు చేసిన పని అది.

ఇక లేజర్. 2023 అక్టోబరులో వెళ్లిన సైకీ నౌకలో నాసా ఒక లేజర్ పరికరం పెట్టింది. 22 సెంటీమీటర్ల టెలిస్కోప్, 4 వాట్ల లేజర్, 1550 నానోమీటర్ల తరంగం. అదే ఏడాది డిసెంబరులో 3.1 కోట్ల కిలోమీటర్ల నుంచి 267 ఎంబీపీఎస్‌తో వీడియో పంపింది. 2024 ఏప్రిల్‌లో 22.6 కోట్ల కిలోమీటర్ల నుంచి 25 ఎంబీపీఎస్. జూన్‌లో 39 కోట్ల కిలోమీటర్ల నుంచి 6.25 ఎంబీపీఎస్. దూరం ఏడు రెట్లు పెరిగితే వేగం సుమారు యాభై రెట్లు తగ్గాలి కదా, 267 నుంచి 25కే ఎందుకు తగ్గిందని మీకు అనుమానం రావాలి. ఆ 267 అనేది పరికరం గరిష్ఠ పరిమితి. దగ్గరలో ఉన్నప్పుడు లింక్‌లో మార్జిన్ మిగిలే ఉంది.

ఇంత లాభం ఎక్కడిదంటే, కిరణం విచ్చుకోకపోవడంలో ఉంది. 22.5 కోట్ల కిలోమీటర్ల నుంచి 3 మీటర్ల డిష్‌తో ఎక్స్ బ్యాండ్‌లో పంపితే, భూమి దగ్గరకు వచ్చేసరికి బీమ్ సుమారు 27 లక్షల కిలోమీటర్ల వెడల్పు అవుతుంది. అదే దూరం నుంచి ఆ చిన్న లేజర్ కిరణం సుమారు 1,600 కిలోమీటర్లు పరుచుకుంటుంది. వృథా తగ్గింది. కానీ గురి చూడండి: ఆ వెలుతురు ఇక్కడికి చేరడానికి 12 నిమిషాలకు పైన పడుతుంది, ఆలోగా భూమి తన కక్ష్యలో 22 వేల కిలోమీటర్లు జరిగిపోతుంది. అంటే భూమి ఇప్పుడు కనిపిస్తున్న చోటికి కాదు, కిరణం చేరేసరికి ఉండబోయే చోటికి గురిపెట్టాలి.

డిష్‌లు ఎందుకు పోవో ఇక్కడే తెలుస్తుంది. నౌకలో ఏదైనా తేడా వచ్చి సేఫ్ మోడ్‌లోకి (ముఖ్యం కాని పనులన్నీ ఆపి కమాండ్ కోసం ఎదురుచూసే స్థితికి) వెళ్తే అది గురి పట్టలేదు. అప్పుడు ఏ వైపు తిరిగి ఉన్నా వినిపించే చిన్న రేడియో యాంటెన్నాతో, పదుల బీపీఎస్‌తోనైనా సరే, మాట్లాడాలి. పైగా లేజర్‌కు మబ్బు అడ్డం. రేడియో మబ్బులోంచి వస్తుంది, లేజర్ రాదు. అందుకే ఒకదానికొకటి దూరంగా, వేర్వేరు వాతావరణాల్లో చాలా టెలిస్కోపులు కావాలి. మన దేశంలో అయితే జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్కన్ మీద లేజర్ స్టేషన్ పెట్టి లాభం లేదు, లద్దాఖ్ వైపు చూడాలని నా అభిప్రాయం. గోల్డ్‌స్టోన్‌లో ఇంకో మంచి ప్రయోగం జరిగింది. 34 మీటర్ల రేడియో డిష్ మధ్యలో ఏడు అద్దాలు బిగించి, ఒకే యాంటెన్నాతో సైకీ రేడియోను, లేజర్‌ను రెండింటినీ అందుకున్నారు. నాకు నమ్మకమున్న దారి ఇదే: రోజువారీ భారమైన డేటా లేజర్ మీద, కమాండ్లు, దూరం కొలతలు, ఆపద సమయం రేడియో మీద.

నేను పనిచేసిన ఒక స్టేషన్‌లో జరిగింది చెప్తాను, అప్‌గ్రేడ్ ఎక్కడ తడబడుతుందో తెలుస్తుంది. కొత్త ఉపగ్రహం డేటా రేటు పాతదానికన్నా బాగా ఎక్కువ. లింక్ బడ్జెట్‌లో మార్జిన్ ఉంది, డీమాడ్యులేటర్ (సిగ్నల్ నుంచి డేటా బయటికి తీసే పరికరం) కొత్తది. వానాకాలం వచ్చాక పాస్‌లలో ఎర్రర్లు మొదలయ్యాయి. వాన పడుతున్నప్పుడు వస్తే అర్థం ఉంది. వాన వెలిసి ఆకాశం తేటపడ్డాక కూడా సిగ్నల్ 2, 3 డీబీ కిందే ఉంటోంది. కేబుళ్లు, కనెక్టర్లు అన్నీ చూశారు. చివరికి నిచ్చెన వేసుకుని ఫీడ్ దాకా ఎక్కి చూస్తే, ఫీడ్ నోటికి తొడిగిన పల్చటి పొర మీద నీళ్లు పూసల్లా జారిపోకుండా సన్నటి తడి రేకులా అంటుకుని ఉన్నాయి. ఎండకు ఆ పొర నీటిని తోసేసే గుణం పోగొట్టుకుంది. పాత రేటుకు మార్జిన్ ఎక్కువ కాబట్టి అది ఎన్నాళ్లుగా ఉన్నా ఎవరికీ కనపడలేదు. పొర మార్చి, గాలి ఊదే బ్లోయర్ పెట్టాక సర్దుకుంది. రేటు పెంచినప్పుడు కొత్త లోపాలు పుట్టవు, దాగి ఉన్నవే బయటపడతాయి. డిస్కులు రాసే వేగం, స్టేషన్ నుంచి ప్రాసెసింగ్ సెంటర్‌కు వెళ్లే ఫైబర్ కూడా ఇదే కోవ. సెకనుకు 3 గిగాబిట్లు కిందికి దించి, బయటికి 1 గిగాబిట్ లైన్ పెడితే ఏం ప్రయోజనం?

మీ ప్రాజెక్టు విషయానికి వస్తాను. వాన ప్రభావం కొలవడానికి ఉత్తర తెలంగాణను మించిన చోటు అక్కర్లేదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. అయితే లింక్‌కు రోజు మొత్తం లెక్క కాదు, ఆ నిమిషంలో ఎంత జోరుగా పడుతోందన్నది ముఖ్యం. గంటకు 50 మిల్లీమీటర్ల జోరులో ప్రతి కిలోమీటరుకు ఎక్స్ బ్యాండ్‌లో 1 డీబీ లోపు, డీటీహెచ్ వాడే కేయూలో 2 డీబీ పైన, 26 గిగాహెర్ట్జ్ కేఏలో సుమారు 7 డీబీ పోతుందని అంచనా. మన దగ్గర 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహానికి తిప్పిన డీటీహెచ్ డిష్ దాదాపు దక్షిణం వైపు చాలా నిటారుగా, సుమారు 68 డిగ్రీల ఎత్తుకు చూస్తుంది కాబట్టి వానలో దారి 5, 6 కిలోమీటర్లే. అదే 10 డిగ్రీల ఎత్తులో ఉన్న ఉపగ్రహమైతే దారి 28 కిలోమీటర్ల దాకా పోతుంది.

కాబట్టి ఇంటి మీది పాత డిష్, ఒక చవక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ రేడియో రిసీవర్) తీసుకోండి. డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీకి సెట్‌టాప్ బాక్స్ నుంచి ఆ కేబుల్‌లోనే 18 వోల్టుల దాకా కరెంటు వెళ్తుంది, డాంగిల్‌కు నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. ఆ కరెంటును ఆపి సిగ్నల్‌ను మాత్రమే వదిలే డీసీ బ్లాక్ తప్పనిసరి. సెకనుకోసారి సిగ్నల్ పవర్ రాసిపెట్టుకోండి. పక్కనే వాన జోరు నిమిషం నిమిషానికీ కొలిచే టిప్పింగ్ బకెట్ రెయిన్ గేజ్ ఒకటి పెట్టండి, కాలేజీ ల్యాబ్‌లో తయారుచేసుకోవచ్చు. గంటకోసారి ఇచ్చే వర్షపాతం దీనికి చాలదు. డిష్ దగ్గర, గేజ్ దగ్గర గడియారాలు ఒకే టైమ్‌లో ఉండాలి. ఒక నిమిషం తేడా ఉన్నా గ్రాఫ్ మొత్తం పాడవుతుంది.

వానాకాలం దాకా ఆగలేకపోతే మార్చి రెండో వారం చుట్టుపక్కల, అక్టోబరు మొదటి వారంలో మధ్యాహ్నం పూట చూడండి. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి కొన్ని నిమిషాలు టీవీ ఆగిపోతుంది. అప్పుడు సిగ్నల్ తగ్గదు, నాయిస్ పెరుగుతుంది. డాంగిల్‌లో మొత్తం పవర్ పైకి వెళ్తుంటే సెట్‌టాప్ బాక్స్‌లో క్వాలిటీ పడిపోవడం రెండూ పక్కపక్కన పెట్టి గీయండి. వానలో వచ్చే గ్రాఫ్‌కు దీనికి తేడా ఎందుకొచ్చిందో రాయగలిగితే లింక్ బడ్జెట్ సగం వచ్చినట్టే. రీడింగులు తీశాక ఇక్కడ పెట్టండి, డిష్ సైజు, ఎల్‌ఎన్‌బీ మోడల్, ఏ ఉపగ్రహం వైపు తిప్పారో కూడా రాయండి. అవి లేకుండా నంబర్లు చూసి నేనేమీ చెప్పలేను.